ఎరిక్ రవిలియస్ సుద్దకొండలు: పొడికుంచె, పెన్సిల్ గీత, వదిలేసిన తెలుపు

కుంచెకోల

వాటర్‌కలర్ విభాగంలో టర్నర్ మీద, కాట్‌మన్ మీద పాత చర్చలు దొరుకుతున్నాయి. ఇంగ్లండ్‌కు చెందిన నీటిరంగుల చిత్రకారుడు ఎరిక్ రవిలియస్ (1903–1942) మీద విడిగా ఏదీ లేదు కాబట్టి ఈ థ్రెడ్. ‘ది విల్మింగ్టన్ జయంట్’, ‘ట్రెయిన్ ల్యాండ్‌స్కేప్’, ‘చాక్ పాత్స్’, ‘టీ ఎట్ ఫర్లాంగ్స్’ – ఈ నాలుగింటినీ ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం.

తేల్చుకోవాల్సినవి మూడున్నాయి. ఆ కొండవాలు మీద రంగు బాగా పొడిగా, పలచగా ఉంటుంది, అయినా బొమ్మంతా వెలుగుతో నిండి ఉంటుంది. ఏ వరసలో వేస్తే అలా వస్తుంది? కాపీ చేయబోయినవాళ్లలో ఎక్కువమందికి అది చీర అంచు డిజైన్‌లా చదునుగా ఎందుకు తయారవుతుంది? మూడోది: అదే కాలపు ఇంగ్లిష్ చిత్రకారుడు పాల్ నాష్‌ను మోడర్నిస్టు (పాత చిత్రరీతులను వదిలి కొత్త దారి పట్టినవాడు) అంటే ఎవరూ కాదనరు. రవిలియస్‌ను ఆయన పక్కన ఎందుకు కూర్చోబెడతారు?

సుద్దరాయి

మొదటి ప్రశ్నకు సగం జవాబు ఆ నేలలోనే ఉందండీ. ఇంగ్లండ్ దక్షిణ తీరాన ససెక్స్‌లో ఉన్న సౌత్ డౌన్స్ మొత్తం సుద్ద. పైన పలచటి మట్టి, దాని మీద గొర్రెలు మేసి మేసి పొట్టిగా మిగిలిన పచ్చిక. వాననీళ్లు సుద్దలోకి ఇంకిపోతాయి కాబట్టి వాగులూ వంకలూ పైకి కనబడవు, లోయలు పొడిగా ఉంటాయి. కొండల అంచులు గుండ్రంగా, మెత్తగా ఉంటాయి. మనిషో, ఆవో, బండో నాలుగుసార్లు ఒకే దారిన పోతే పచ్చిక అరిగి కింది తెలుపు బయటపడుతుంది. ‘చాక్ పాత్స్’ (1935)లో కొండ మీద మెలికలు తిరిగే తెల్లటి దారులు అవే.

అంటే ఆ నేల కట్టుబడే తెలుపు మీద పలచటి ఆకుపచ్చ. నీటిరంగు కట్టుబడి కూడా తెల్లకాగితం మీద పలచటి రంగు. రవిలియస్ దారిని తెల్లరంగుతో వేయలేదు. చుట్టూ గడ్డి వేసి, దారి ఉన్నచోట కాగితాన్ని వదిలేశాడు. ఆ వదిలేయడమే ఆయన బొమ్మల్లో వెలుగు. కుంచె ఎలా పట్టాలి, ఎంత తడి ఉండాలి అన్నవన్నీ ఈ ఒక్క నియమాన్ని కాపాడటానికే.

ఆయన పెరిగింది ఆ కొండల అంచునున్న ఈస్ట్‌బోర్న్ ఊళ్లో. అక్కడి ఆర్ట్ స్కూల్లో చదివి 1922లో లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌కు వెళ్లాడు. కానీ కొండలను గట్టిగా పట్టుకున్నది 1934 తర్వాత, స్నేహితురాలు పెగీ ఆంగస్ అద్దెకుంటున్న ఫర్లాంగ్స్ అనే చిన్న ఇంటికి రాకపోకలు మొదలయ్యాక. దగ్గర్లో ఆషమ్ సిమెంటు ఫ్యాక్టరీ ఉండేది, దాన్నీ వేశాడు. సుద్దదుమ్ము కప్పేసిన ఫ్యాక్టరీ, పట్టాలు, ట్రక్కులు – కొండను చూసినంత శ్రద్ధగా వాటినీ చూశాడు. ఇది మూడో ప్రశ్నకు పనికొస్తుంది, అక్కడికి తర్వాత వద్దాం.

చెక్కుడుబల్ల

సుద్దరాయి గారు చెప్పినదానికి కలుపుతున్నా. రవిలియస్ ముందు వుడ్ ఎన్‌గ్రేవర్ (చెక్కదిమ్మ మీద బొమ్మ చెక్కి అచ్చు వేసేవాడు), ఆ తర్వాతే నీటిరంగుల చిత్రకారుడు. ఈ వరస తెలియకపోతే ఆయన బొమ్మల్లోని హాచింగ్, అంటే పక్కపక్కనే లాగే సన్నగీతల అల్లిక, ఎక్కణ్ణుంచి వచ్చిందో అర్థం కాదు.

వుడ్ ఎన్‌గ్రేవింగ్‌కు బాక్స్‌వుడ్ దుంగను అడ్డంగా కోసిన ముఖం వాడతారు. చెక్క నారకు అడ్డంగా కోసిన ముఖం కాబట్టి బ్యురిన్ (చెక్కే సన్నటి ఉలి) ఏ వైపు తిప్పినా గీత ఒకేలా తెగుతుంది, పీచు లేవదు. దిమ్మ మందం సుమారు 23 మి.మీ., అంటే అచ్చు అక్షరాల ఎత్తు. అక్షరాలతో కలిపి ఒకే ఫ్రేములో బిగించి అచ్చు వేయడానికి అది. సిరా పైముఖానికే అంటుతుంది కాబట్టి ఏమీ చెక్కకపోతే అచ్చు మొత్తం నలుపు. చెక్కిన ప్రతి గీతా తెలుపు. మధ్య రంగులు అనేవి లేవు. బూడిదరంగు కావాలంటే తెల్లగీతలను దగ్గర దగ్గరగా చెక్కాలి, చుక్కలు పొడవాలి, సన్నం లావు మార్చాలి.

పదేళ్లకు పైగా అలా ఆలోచించిన చెయ్యి కుంచె పట్టుకుంటే పరుపులా వాష్ (నీళ్లగా పరిచే పలచటి రంగుపూత) పరిచి ఊరుకోదు. గడ్డికి ఒక తీరు గీత, దున్నిన చేనుకు ఇంకో తీరు, ఆకాశానికి మరో తీరు. రెండు మాధ్యమాల్లోనూ తెలుపును పైనుంచి తెచ్చి పూయడం లేదు. అక్కడ చెక్కి తీస్తాడు, ఇక్కడ ముట్టుకోకుండా వదిలేస్తాడు.

క్రికెట్ చూసేవాళ్లందరికీ ఆయన ఎన్‌గ్రేవింగ్ ఒకటి తెలియకుండానే తెలుసు. ఏటా వచ్చే క్రికెట్ పుస్తకం విజ్డెన్ అల్మనాక్ మీద పొడుగు టోపీలు పెట్టుకుని క్రికెట్ ఆడుతున్న ఇద్దరు పెద్దమనుషుల బొమ్మ రవిలియస్‌దే, 1938 సంచిక నుంచి వస్తోంది. ఈసారి చూసినప్పుడు బట్టల మీద నీడ ఎన్ని రకాల గీతలతో వచ్చిందో గమనించండి.

నీలిమేడ

ఇక పని వరస. ఇది స్టడీ కాపీ కోసం. రవిలియస్ రంగుపెట్టె జాబితా అనుకోకండి, ఆ ప్రభావానికి సరిపోయే సామాన్లు మాత్రమే.

కాగితం: 300 జీఎస్ఎం, నూటికి నూరుపాళ్లు కాటన్, కోల్డ్ ప్రెస్ (ఓ మోస్తరు గరుకు). మరీ గరుకైన రఫ్ కాగితం వద్దు. పొడికుంచె లాగితే దాని గుంటలు పెద్ద పెద్ద తెల్లమచ్చలుగా మిగిలి గీత ముక్కలైపోతుంది. హాట్ ప్రెస్ మీద గరుకే ఉండదు కాబట్టి అదే కుంచె చారలు కొడుతుంది. ఆయన బొమ్మలు చాలావరకు 45 × 55 సెం.మీ. దరిదాపుల్లో ఉంటాయి. క్వార్టర్ షీటు (28 × 38 సెం.మీ.) మీద చేసేవాళ్లు 28 × 35 పెట్టె గీసుకుంటే దాదాపు అదే నిష్పత్తి వస్తుంది. పక్కన మిగిలే 3 సెం.మీ. పట్టీని కత్తిరించకండి. ప్రతి కుంచె లాగుడినీ ముందు ఆ పట్టీ మీద చూసుకోవాలి. వేరే కాగితం ముక్క మీద చూస్తే లాభం లేదు, పీల్చుకునే గుణం మారుతుంది.

పెన్సిల్: హెచ్‌బీ, చేయి తేలిగ్గా. ఆయన బొమ్మల్లో పెన్సిల్ గీత రంగు కింద దాక్కోదు, చివరిదాకా కనబడుతూ పనిచేస్తుంది. అందుకని గీత తప్పితే రబ్బరుతో గట్టిగా రుద్దొద్దు. పైనున్న సైజింగ్ (రంగు ఇంకిపోకుండా కాగితానికి పట్టించిన జిగురు పూత) లేచిపోతుంది. వాష్‌లో అది పెద్దగా తెలియకపోవచ్చు, పొడికుంచె కింద మాత్రం ముదురుమచ్చగా బయటపడుతుంది. పిండిలా నలిగే మెత్తని నీడెడ్ రబ్బరుతో అద్ది తీయండి.

రంగులు: యెల్లో ఓకర్, అల్ట్రామెరీన్, బర్న్ట్ సియెన్నా, రా అంబర్, కొంచెం లైట్ రెడ్. ఎండిన పచ్చిక రంగుకు ఓకర్ మూడు పాళ్లు, అల్ట్రామెరీన్ ఒక పాలు, సియెన్నా కుంచె మొనకు అంటినంత. ట్యూబు ఆకుపచ్చల జోలికి పోవద్దు. ఆ కొండ ఎప్పుడూ చిలకపచ్చ కాదు.

మొదటి పూత: ఓకర్‌ను బాగా నీళ్లు చేసి, ఎండ పడే వాలుల మీద ఒక్కసారి. దారులు, కొండవాలు మీద కనిపించే పెద్ద తెల్లబొమ్మ, ఆకాశంలో వెలుగున్న భాగం తాకకూడదు. ఆరిందో లేదో చేతివెనుక భాగం ఆనించి చూడండి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే.

పొడికుంచె: 6 లేదా 8 నంబరు గుండ్రటి కుంచె, కొంచెం పాతదైతే మేలు. రంగు చిక్కటి పాలంత ఉండాలి. కుంచెకు పట్టించి, దాని పొట్టను గుడ్డ మీద ఒకసారి వత్తండి. వేళ్లతో వెంట్రుకలను విడదీసి కాగితానికి బాగా వంచి పట్టుకుని, బరువు వేయకుండా లాగండి. గీత ఎప్పుడూ వాలు వంపు వెంట పోవాలి. కొండ ఎటు గుండ్రం తిరిగితే చెయ్యీ అటే. మొదటి పొర పూర్తిగా ఆరాక రెండోది 15–20 డిగ్రీల తేడాతో. మూడో పొరతో ఆపాలి. నాలుగోది వేసినచోట కాగితం మూసుకుపోతుంది, ఇక అక్కడ వెలుగు తిరిగి రాదు.

సన్నగీతలు: 2 నంబరు కుంచె మొనతో, 1–2 మి.మీ. ఎడంగా. కంచెలు, దున్నిన చాళ్లు, దగ్గరి గడ్డి దీంతో.

బ్లేడు: అన్నీ అయిపోయి, రాత్రంతా ఆరాక. మెరిసే ఒకటి రెండు గీతల కోసం మాత్రమే. గీకినచోట మళ్లీ రంగు పెడితే మసిమచ్చలా పీల్చుకుంటుంది.

కుంచెకోల

నీలిమేడ గారూ, చాలా ఉపయోగపడే వివరం. దారులను వదలడానికి మాస్కింగ్ ఫ్లూయిడ్ (రంగు అంటకుండా ముందు పూసి, తర్వాత ఊడదీసే రబ్బరు ద్రవం) వాడొచ్చా? ‘విల్మింగ్టన్ జయంట్’లో కొండవాలు మీదున్న ఆ పెద్ద మనిషి బొమ్మ సన్నటి తెల్లగీత. చుట్టూ పొడికుంచెతో తిరగడం కష్టం కదా.

నీలిమేడ

వాడకండి. మూడు కారణాలు. ఒకటి, ఊడదీసేటప్పుడు కింది పెన్సిల్ గీతనూ పట్టుకుపోతుంది. ఈ పద్ధతిలో పెన్సిల్ బొమ్మలో భాగం. రెండు, అది వదిలే తెలుపు అంచు కత్తితో కోసినట్టు ఒకే మందంలో ఉంటుంది. పొడికుంచె అంచు చిరిగినట్టు ఉంటుంది, రెండూ పక్కపక్కన పొసగవు. మూడు, మన వేసవిలో ఒకరోజు ఉంచితే చాలు, కాగితానికి అతుక్కుపోయి పైపొరను లాక్కొస్తుంది.

సన్నగీత వదలాలంటే ముందు 2 నంబరు కుంచెతో గీతకు రెండు వైపులా వెంట్రుకంత పలచటి అంచు కట్టండి. తర్వాత పొడికుంచెను ఆ అంచు దగ్గర మొదలుపెట్టి బయటికి లాగండి, బయటనుంచి గీత వైపు ఎప్పుడూ రావద్దు. కుంచె ఆగేచోట ఎప్పుడూ కొంచెం రంగు పోగవుతుంది, ఆ పోగు గీత మీద పడకూడదు.

సుద్దరాయి

ఆ మనిషి బొమ్మ గురించి ఒక మాట. విల్మింగ్టన్ కొండ మీదున్న లాంగ్ మ్యాన్ సుమారు 70 మీటర్ల ఎత్తు. ఉఫింగ్టన్ కొండ మీది తెల్లగుర్రం బొమ్మలా అది తవ్విన సుద్ద కాదు. 1874లో దాని ఆకారం వెంబడి ఇటుకలు పరిచారు, రవిలియస్ 1939లో చూసింది ఆ ఇటుకల గీతనే. ఇప్పుడు అక్కడున్న కాంక్రీటు దిమ్మలు 1969 నాటివి. యుద్ధకాలంలో జర్మన్ విమానాలకు గుర్తుగా ఉపయోగపడకుండా దానికి ఆకుపచ్చ రంగు పూశారు, ఉఫింగ్టన్ గుర్రాన్ని కప్పేశారు. 1939లో ఆయన వరసగా కొండ బొమ్మలను – విల్మింగ్టన్ మనిషి, వెస్ట్‌బరీ, ఉఫింగ్టన్ గుర్రాలు – వేసిన వెంటనే అవి కనుమరుగయ్యాయన్నమాట. పిల్లల కోసం పఫిన్ బొమ్మల పుస్తకం ఒకటి ఈ అంశం మీద చేద్దామనుకున్నాడు, నమూనా తయారైంది గానీ పుస్తకం రాలేదు.

బొమ్మలో ఇంకో విషయం చూడండి. ముందు భాగంలో కంచె గుంజలు, తీగలు. మనిషి బొమ్మను వాటి మధ్యనుంచి చూస్తాం. కాపీ చేసేవాళ్లు చాలామంది కంచెను ‘అడ్డం’ అని తగ్గించేస్తారు. తగ్గిస్తే బొమ్మ కూలిపోతుంది. దగ్గర, దూరం అనే తేడాను ఆ తీగలే చెబుతున్నాయి, ఎందుకంటే ఆయన దూరాన్ని మసకగా చేయడు. దూరపు కొండ మీద గీత కూడా దగ్గరి గీతంత స్పష్టంగా ఉంటుంది.

చెక్కుడుబల్ల

రెండో ప్రశ్న, చదునుగా ఎందుకవుతుందన్నది. మూడు చోట్ల తప్పుతుంది.

అన్ని భాగాలకూ ఒకే గీత పెడతారు. ఎన్‌గ్రేవింగ్‌లో ఒకే బ్యురిన్‌తో దిమ్మంతా చెక్కితే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది, దుస్తుల గుడ్డలా కనబడుతుంది. పక్కపక్కనున్న రెండు భాగాలకు దిశ అయినా మారాలి, ఎడం అయినా మారాలి, గీత స్వభావం అయినా మారాలి. కనీసం రెండు మారితే మేలు.

ఖాళీ వదలరు. రవిలియస్ బొమ్మను తలకిందులుగా తిప్పి చూడండి. ఎక్కడో ఒకచోట పెద్ద భాగం దాదాపు ఏ గీతా లేకుండా పలచటి వాష్‌తో ఉంటుంది. అది లేకపోతే గీతలున్న భాగానికి విలువ లేదు.

ఇక పెద్ద తప్పు, నీడ విలువలు తేల్చుకోకుండా గీతలు మొదలుపెట్టడం. ముందు అగ్గిపెట్టెంత స్కెచ్‌లో నాలుగు విలువలే పెట్టండి: కాగితం తెలుపు, లేత, మధ్య, ముదురు. ఏ భాగం ఏ విలువో రాసుకోండి. తర్వాత పట్టీ మీద ఒక్కో విలువకు ఒక్కో గీత తీరు తయారుచేసుకోండి. రెండడుగుల దూరం నుంచి చూస్తే గీతలు కలిసిపోయి ఆ విలువ రావాలి. రాకపోతే ఎడం తగ్గించండి, రంగు ముదురు చేయకండి. రంగు ముదురుచేస్తే గీత గీతగానే కళ్లకు గుచ్చుకుంటుంది.

ఎన్‌గ్రేవింగ్ రుచి తెలియాలంటే బాక్స్‌వుడ్ దొరకక్కర్లేదు. మామూలు లినో (చెక్కడానికి వీలైన మెత్తటి లినోలియం) ముక్క మీద నలుపు నుంచి తెలుపుకు పనిచేసి చూడండి. అర మిల్లీమీటరు కన్నా సన్నని గట్టు లినోలో నిలవదు, పొడి అవుతుంది. అందుకని గీతలు కొంచెం లావుగా పెట్టుకోండి.

టేమ్స్_తెలుగు

ఫోన్లో చూసి రంగు నిర్ణయించుకోవద్దని నా మనవి. తెరమీద ఈ బొమ్మలన్నీ ఉన్నదానికన్నా ముదురుగా, ఆకుపచ్చగా వస్తాయి. అసలు కాగితం ముందు నిలబడితే మొదట తెలిసేది ఎంత తక్కువ రంగు ఉందన్నది.

ఎక్కడెక్కడ ఉన్నాయంటే: ఎక్కువ బొమ్మలు ఈస్ట్‌బోర్న్‌లోని టౌనర్ గ్యాలరీలో. ‘విల్మింగ్టన్ జయంట్’ లండన్ వీ అండ్ ఏ మ్యూజియంలో, ‘టీ ఎట్ ఫర్లాంగ్స్’ ఎసెక్స్‌లోని సాఫ్రన్ వాల్డెన్ ఊళ్లో ఫ్రై ఆర్ట్ గ్యాలరీలో, ‘ట్రెయిన్ ల్యాండ్‌స్కేప్’ స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో. రెండో ప్రపంచయుద్ధంలో అధికారిక యుద్ధచిత్రకారుడిగా వేసినవి చాలా ఇంపీరియల్ వార్ మ్యూజియంలో. అయితే వెళ్లేముందు ఆ బొమ్మ ప్రదర్శనలో ఉందో లేదో గ్యాలరీని అడగండి. రంగు వెలిసిపోకుండా నీటిరంగులకు వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలత) దాటనివ్వరు, కొన్ని నెలలు చూపించి మళ్లీ చీకట్లో పెట్టేస్తారు. ఊరికే వెళ్తే గోడ మీద ఇంకేదో ఉంటుంది.

మసక వెలుతురులో చూస్తాం కాబట్టి పక్కనుంచి, వాలుగా చూడండి. పెన్సిల్ మెరుపు అప్పుడే తెలుస్తుంది.

ఓకర్‌డబ్బీ

మూడో ప్రశ్న దగ్గర నాకు అభ్యంతరం ఉంది. నాష్ 1933లో యూనిట్ వన్ అనే మోడర్నిస్టు కళాకారుల బృందం కట్టినప్పుడు హెన్రీ మూర్, బార్బరా హెప్‌వర్త్, బెన్ నికల్సన్ అందులో ఉన్నారు, రవిలియస్ లేడు. నాష్ ‘ఈక్వివలెంట్స్ ఫర్ ది మెగాలిత్స్’ (1935)లో ఏవ్‌బరీలోని ఆదిమకాలపు నిలువురాళ్లను గుండ్రటి దిమ్మలుగా, గళ్ల పలకగా మార్చేశాడు. ‘టోటెస్ మీర్’ (1940–41)లో ఆక్స్‌ఫర్డ్ దగ్గర కౌలీలో గుట్టగా పోసిన జర్మన్ విమానాల ముక్కలను గడ్డకట్టిన సముద్రం చేశాడు. రవిలియస్ కొండను కొండలాగే వేశాడు. మంచి పనివాడు, కాదనను. కానీ మోడర్నిస్టు అనడానికి ఆధారం ఏది?

సుద్దరాయి

వాదనకు ఆధారాలు చూపించాలి కాబట్టి బొమ్మల్లోంచే తీస్తాను.

‘ట్రెయిన్ ల్యాండ్‌స్కేప్’ తీసుకోండి. మూడో తరగతి పెట్టె, తలుపు మీద 3 అంకె, ఖాళీ సీట్లు, కిటికీల్లోంచి కొండ మీది వెస్ట్‌బరీ తెల్లగుర్రం. సీటు గుడ్డ డిజైన్‌కు పెట్టిన శ్రద్ధ, కిటికీ పట్టీకి పెట్టిన శ్రద్ధ, కొండకు పెట్టిన శ్రద్ధ – మూడూ సమానం. పాత ప్రకృతిచిత్రంలో ముఖ్యమైనదీ అప్రధానమైనదీ అని ఒక మెట్ల వరస ఉంటుంది, ఇక్కడ అది లేదు. ఫ్రేము లోపల ఫ్రేములు, కోసినట్టున్న అంచులు, మనిషి లేకపోవడం, పైగా కొండను చూసేది రైల్లోంచి. ‘వెస్ట్‌బరీ హార్స్’లో అదే కొండ మీద నిలబడి దూరంగా మైదానంలో పోతున్న చిన్న రైలును చూస్తాం. యంత్రంలోంచి నేల, నేల మీదనుంచి యంత్రం. సిమెంటు ఫ్యాక్టరీ, కరెంటు తీగలు, తుక్కు కార్లు ఆయనకు ప్రకృతిలో భాగమే, పక్కకు నెట్టేయాల్సినవి కావు.

నాష్‌తో తెగిన బంధమూ కాదు ఇది. నాష్ 1924–25లో రాయల్ కాలేజ్ డిజైన్ విభాగంలో చెప్పినప్పుడు రవిలియస్, ఎడ్వర్డ్ బాడెన్ ఆయన విద్యార్థులు. పెన్సిల్ గీతను దాచకపోవడం, సుద్దపొడిలాంటి లేతరంగు, పొడిగీతల అల్లిక నాష్ నీటిరంగుల్లోనే ఉన్నాయి. నాష్ వాటిని కలల వైపు తీసుకెళ్లాడు. రవిలియస్ కంటి ముందున్న వస్తువు వైపే ఉండిపోయి, దాన్ని నమూనాగా, గీతల వ్యవస్థగా పేర్చాడు. వెజ్‌వుడ్ పింగాణీ కంపెనీ కప్పులకు డిజైన్లు చేసిన చెయ్యి, ‘హై స్ట్రీట్’ పుస్తకానికి దుకాణాల లిథోగ్రాఫులు (రాతి అచ్చు బొమ్మలు) చేసిన చెయ్యి కొండనూ వేసింది. చేతిపని, డిజైన్, చిత్రం వేర్వేరు గదులు కావని నమ్మడం ఆ కాలపు మోడర్నిజంలో పెద్ద భాగం.

ఓకర్‌డబ్బీ

శ్రద్ధలో సమానత్వం అన్న మాట బలంగా ఉంది, ఒప్పుకుంటున్నా. అయినా నాష్ చిత్రంలో ఉన్న కలవరం ఇక్కడ లేదనే నా అభిప్రాయం.

సుద్దరాయి

ఖాళీ కుర్చీలు చూడండి. ‘టీ ఎట్ ఫర్లాంగ్స్’లో గొడుగు కింద బల్ల వేసి టీ అంతా సిద్ధంగా ఉంటుంది, మనిషి ఉండడు. వేసింది 1939లో. నాకు మాత్రం అందులో కలవరం గట్టిగానే వినబడుతుంది.

గుల్‌మొహర్

‘ట్రెయిన్ ల్యాండ్‌స్కేప్’ గురించి ఒక ముఖ్యమైన వివరం వదిలేశారు. అది ఒకే కాగితం మీద ఒకేసారి వేసిన బొమ్మ కాదు. రవిలియస్ నచ్చని వాటిని నిర్దాక్షిణ్యంగా చించేసే మనిషి. ఆయన తృప్తిపడని రెండు బొమ్మల్లోని మంచి భాగాలను భార్య టర్జా గార్వుడ్ కత్తిరించి, అతికించి ఒక బొమ్మ చేసింది. టర్జా స్వయంగా గొప్ప వుడ్ ఎన్‌గ్రేవర్, మార్బుల్ కాగితాల తయారీలోనూ పేరున్న కళాకారిణి. ఆ కూర్పు ఆమె కంటికి దక్కాల్సిన గౌరవం.

పనిగా చూస్తే ఇది నేర్చుకోదగిన విద్య. బొమ్మలో సగం బాగుండి సగం పాడైతే పారేయక్కర్లేదు. కిటికీ చట్రం, తలుపు అంచు, కంచె గుంజ – నిలువుగీత ఉన్నచోట కోయాలి, అతుకు అందులో కలిసిపోతుంది. ఆకాశం మధ్యలో కోస్తే ఎంత బాగా అతికినా కనబడుతుంది. స్టీలు స్కేలు, కొత్త బ్లేడు, రెండు కాగితాలను ఒకదానిమీద ఒకటి పెట్టి ఒకే కోతలో తెంచండి. అంచులు సరిగ్గా కలుస్తాయి.

జిగురు గోధుమ స్టార్చ్‌తో చేయాలి. ఒక పాలు స్టార్చ్, నాలుగైదు పాళ్ల నీళ్లు, సన్నమంట మీద కలుపుతూ అరగంట. చల్లారాక జల్లెడ పట్టాలి. మనవైపు పోస్టర్లకు వాడే మైదా జిగురు దీనికి పనికిరాదు. అందులో గ్లూటెన్ ఉంటుంది, పసుపెక్కుతుంది, పురుగు పడుతుంది. ఫెవికాల్ లాంటివి పట్టేస్తాయి గానీ తర్వాత ఊడదీయడం కుదరదు. రెండు ముక్కలనూ వెనకనుంచి పలచటి జపనీస్ కాగితంతో కలిపి, బ్లాటింగ్ కాగితాల మధ్య బరువు కింద ఒకరోజు ఉంచండి. తడిజిగురు మీద బరువు పెట్టకపోతే అతుకు దగ్గర కాగితం ముడుచుకుంటుంది.

విశాఖ_వాష్

తేమ గురించి ఎవరూ అనలేదు. ససెక్స్ గాలికి కుదిరిన లెక్క మనకు కుదరదు. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్, కర్నూలు వైపు కుంచె సగం లాగేలోపే ఎండిపోతుంది, గీత మధ్యలో తెగుతుంది. అక్కడ పాలెట్ గుంటలో రంగుకు ఒక్క చుక్క గ్లిసరిన్ చాలు. ఎక్కువైతే రంగు జిగటగా మిగిలి, వానాకాలంలో బూజుకు తిండి అవుతుంది. తీరం వైపు వానాకాలంలో సమస్య తిరగబడుతుంది. కాగితమే గాలిలో తేమ పీల్చుకుని ఉంటుంది, పొడికుంచె వేసినా గీత అంచులు పాకుతాయి. పని మొదలుపెట్టేముందు కాగితాన్ని హెయిర్ డ్రైయర్‌తో రెండు వైపులా వెచ్చబెట్టండి, పొరకూ పొరకూ మధ్య కూడా.

ఇంకొకటి. ఈ పద్ధతిని మన రాతికొండల మీద ప్రయోగించేవాళ్లు మొదటి పూతను మార్చుకోవాలి. గ్రానైట్ కింద తెలుపు లేదు. ఎక్కడ కాగితం బయటపడినా అది సుద్దలా చల్లగా కనబడుతుంది. లైట్ రెడ్, ఓకర్ సమపాళ్లలో కలిపి బాగా పలచగా మొత్తం కాగితం మీద పరిచి, ఆరాక పొడికుంచె మొదలుపెడితే వదిలినచోట వెచ్చని వెలుగు వస్తుంది.

కుంచెకోల

అందరికీ కృతజ్ఞతలు. చివరిగా రెండు సందేహాలు. కాపీలను ప్రదర్శనలో పెట్టడానికి హక్కుల ఇబ్బంది ఉంటుందా? యుద్ధకాలపు బొమ్మలు కూడా ఈ పద్ధతిలోనే ఉన్నాయా?

టేమ్స్_తెలుగు

రవిలియస్ 1942 సెప్టెంబరు 2న పోయాడు. ఐస్‌లాండ్‌లో కల్డడార్నెస్ నుంచి, కనబడకుండా పోయిన విమానాన్ని వెతకడానికి బయల్దేరిన హడ్సన్ విమానంలో ఎక్కాడు, అది తిరిగి రాలేదు. వయసు 39. బ్రిటన్‌లో చనిపోయిన తర్వాత 70 ఏళ్లు లెక్క కాబట్టి ఆయన చిత్రాల హక్కులు 2012 చివరితో ముగిశాయి. మన దేశంలో 60 ఏళ్ల లెక్కన 2002 చివరితోనే. కానీ గ్యాలరీ తీసిన ఫోటోను అచ్చు వేయాలంటే ఆ గ్యాలరీ షరతులు విడిగా చూసుకోవాలి. చేత్తో వేసిన కాపీ అయితే మూలం కన్నా కొలత మార్చండి, వెనకవైపు ‘రవిలియస్ చిత్రానికి అధ్యయనం’ అని మీ పేరు, తేదీతో సిరాతో రాయండి. ముందువైపు ఆయన సంతకం పెట్టకూడదు.

నీలిమేడ

పద్ధతి అదే, వాడిన తీరు మారింది. 1940లో హెచ్ఎంఎస్ హైలాండర్ ఓడ మీద నార్వే వైపు వెళ్లినప్పటి బొమ్మల్లో, ‘మిడ్‌నైట్ సన్’ లాంటివాటిలో, గడ్డి లేదు, దారి లేదు. సముద్రం, ఆకాశం, ఇనుము. అక్కడ గీతల అల్లిక మొత్తం నీళ్ల మీదకూ వెలుతురు మీదకూ పోయింది. సూర్యుడి దగ్గర కాగితం వదిలి, చుట్టూ కిరణాల దిశలోనే పొడిగీతలు లాగాడు. కాపీ చేసేవాళ్లు ఇక్కడ వెలుగు కేంద్రం నుంచి బయటికే లాగాలి. కొండ బొమ్మలు నాలుగైదు చేశాకే వీటిని ముట్టుకోండి, ఎందుకంటే నీళ్లలో వంపు చూపించే కంచె, దారి ఉండవు. గీత ఎడం ఒక్కటే దూరాన్ని చెప్పాలి: దగ్గరి అలలకు 4–5 మి.మీ., దిగంతం దగ్గర అర మిల్లీమీటరు, మధ్యలో మెల్లగా తగ్గుతూ. ఆ తగ్గుదల ఒక్కచోట తడబడినా సముద్రం గోడలా నిలబడిపోతుంది. అందుకని ముందే కాగితం అంచున పెన్సిల్‌తో ఆ ఎడాలను గుర్తులు పెట్టుకుని, దిగంతం నుంచి కిందికి దిగుతూ వేయండి.